షామియానా కింద గుండెపోటు

ఆ తొట్టిని చూస్తే చాలు, దేవకుమారికి పొద్దున తిన్నది గొంతులోకి వచ్చేది.

ఆస్పత్రి గేటు దాటగానే, సరిగ్గా అడుగు పెట్టేచోట, జానెడు లోతున సిమెంటుతో కట్టించిన తొట్టి అది. అందులో బ్లీచింగు కలిపిన నీళ్ళు. వచ్చినవాళ్ళెవరైనా సరే, ముసలివాళ్ళయినా, చంటిపిల్లల తల్లులైనా, ఆ నీళ్ళలో కాళ్ళు ముంచి అవతలికి నడవాలి. పొద్దున ఎనిమిదింటికి కాస్త తేటగా ఉండే నీళ్ళు పదింటికల్లా బురదతో, ఆకులతో, ఎవడో ఉమ్మిన కిళ్ళీతో కుడితిలా తయారయ్యేవి. అయినా దిగాల్సిందే. ఈ జబ్బు ముక్కుతోనూ నోటితోనూ వచ్చేదే గానీ కాళ్ళతో వచ్చేది కాదని క్యాజువాలిటీ నర్సుగా ఆవిడ మొదటిరోజే చెప్పింది. వినేవాళ్ళేరీ?

రెండువేల తొమ్మిది, ఆగస్టు నెల. టీవీ పెడితే స్వైన్ ఫ్లూ, పేపరు తీస్తే స్వైన్ ఫ్లూ. పూనాలో ఇంతమంది, హైదరాబాదులో ఇంతమంది అంటూ రోజూ అదే పాట. రాజమండ్రి మందుల షాపుల్లో మాస్కులు దొరకడం మానేశాయి. జేబురుమాలులో కర్పూరం, యాలకులు మూటగట్టి వాసన చూసుకుంటూ తిరిగే పెద్దమనుషులు ఎక్కువయ్యారు. దేవకుమారి రోజూ వచ్చే నిడదవోలు పాసింజరులో ఎవరైనా తుమ్మితే పెట్టె సగం ఖాళీ అయ్యేది. ఆ గుండె ఆస్పత్రి గుమ్మం తొక్కినవాళ్ళలో మాత్రం అప్పటికి ఒక్కరికీ ఆ జబ్బు ఉన్నట్టు తేలలేదు.

ఆస్పత్రి జగన్నాథరాజు గారిది. ఆయన డాక్టరు కాదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద సంపాదించి, ఆ డబ్బుతో రాజమండ్రిలో మూడంతస్తుల గుండె ఆస్పత్రి కట్టించారు. మనిషి చెడ్డవారని అనడానికి లేదు. పనిచేసేవాళ్ళ ఇళ్ళలో పెళ్ళయితే బట్టలు పెడతారు, చావయితే స్వయంగా వెళ్ళి కూర్చుంటారు. వచ్చిన చిక్కల్లా ఆయనకి లోకంలో తెలిసిన శాస్త్రం ఒక్కటే, అది చెరువు శాస్త్రం.

పద్నాలుగేళ్ళ కిందట వైట్‌స్పాట్ అనే జబ్బు ఆయన్ని నిలువునా ముంచింది. రొయ్య పెంకు మీద తెల్లమచ్చలు లేచి, వారం తిరిగేసరికి చెరువు చెరువంతా తేలిపోయే జబ్బు అది. ఎవరో పక్క చెరువులో లాగిన వలని తెచ్చి ఈయన చెరువులో వేశారు, అంతే. ఆ దెబ్బతో ఆయన మూడు నియమాలు పెట్టుకున్నారు. కాళ్ళు మందునీళ్ళలో ముంచకుండా గట్టెక్కకూడదు. ఒక చెరువు వల ఇంకో చెరువులో పడకూడదు. అనుమానం వచ్చిన చెరువు వైపు ఎవడూ పోకూడదు. ఆ నియమాలే తనని మళ్ళీ నిలబెట్టాయని ఆయన నమ్మకం. స్వైన్ ఫ్లూ అనే మాట వినపడగానే ఆ మూడింటినీ తెచ్చి ఆస్పత్రికి తగిలించారు.

"చెరువైనా ఆస్పత్రైనా వైరస్ వైరస్సే కదండీ. వచ్చాక చేసేదేం లేదు. రాకుండా గట్టు కాసుకోవాలి, అంతే" అన్నారు అందరినీ కూర్చోబెట్టి.

"చెరువుకి బయటి రొయ్యలతో పని లేదండీ రాజుగారూ. మనకి బయటివాళ్ళతోనే పని" అంది దేవకుమారి.

"మా సిస్టరు గారికి కోపం ఎక్కువండోయ్" అని ఆయన నవ్వారు. అందరూ నవ్వారు. అందరికన్నా ముందు డాక్టరు యుగంధర్ నవ్వాడు. చేతిలో మంచి పనితనం ఉన్న గుండె డాక్టరు, ముప్పై ఎనిమిదేళ్ళవాడు. రాజుగారి ముందు మాత్రం గంగిరెద్దులా తల ఊపడం తప్ప ఇంకోటి తెలియనట్టు ఉండేవాడు. ఆ తల ఊపు చూసినప్పుడల్లా దేవకుమారికి ఒళ్ళు మండేది.

గేటు కాయడానికి చెరువుల మీదనుంచి పల్లంరాజు అనే కాపలాదారుని తీసుకొచ్చారు. పదేళ్ళపాటు పీతలూ కొంగలూ చెరువులోకి రాకుండా కాసినవాడు. అతని చేతికి ఒక అట్టా, కాగితాల కట్టా, బాల్‌పెన్నూ ఇచ్చారు. కాగితం మీద నాలుగు ప్రశ్నలు. జ్వరం ఉందా? దగ్గు ఉందా? ఆయాసం ఉందా? గత పదిరోజుల్లో హైదరాబాదు, పూనా నుంచి వచ్చినవాళ్ళని కలిశారా? ఏ ఒక్కదానికి అవునన్నా టిక్కు పడుతుంది. టిక్కు పడినవాళ్ళు గేటు పక్కన వేసిన షామియానా కింద, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవాలి. ప్రభుత్వాస్పత్రి నుంచి బండి వచ్చి అక్కడి స్వైన్ ఫ్లూ వార్డుకి తీసుకెళ్ళేదాకా వాళ్ళని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ బండి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. దానికి ఊరంతా పనే.

గుండె ఆస్పత్రికి ఆయాసం లేకుండా వచ్చేవాళ్ళెవరు? మందుల కంపెనీల వాళ్ళు తప్ప. ఈ మాట కూడా దేవకుమారి అంది. దానికి నవ్వు కూడా రాలేదు.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదింటికి రాజుగారి వియ్యంకుడు ఆస్పత్రికి వచ్చారు. శ్రీనివాసరాజు గారని, హైదరాబాదులో ఉంటారు. పులసల కాలం కదా, ఏటా ఈ రోజుల్లో నాలుగు రోజులు వచ్చి పులస పులుసు తిని వెళ్ళడం ఆయనకి అలవాటు. ఆయన గేటులోంచి రాలేదు. వెనకవైపు లిఫ్టు పక్కన ఉన్న తలుపులోంచి వచ్చారు. అక్కడ తొట్టి లేదు, కాగితం లేదు, పల్లంరాజు లేడు. చేతిలో రుమాలు, ముక్కు ఎర్రగా ఉంది.

"ఏసీ కార్లో వచ్చాను కదా, కాస్త రొంప పట్టింది" అన్నారాయన.

"రొంపదేముంది బావగారూ, పొద్దున్నే మిరియాల పాలు తాగితే పోతుంది" అని, రాజుగారు దేవకుమారి వైపు తిరిగారు. "సిస్టర్, బావగారు ఎలాగూ వచ్చారు. ఈసీజీ, ఎకో, అన్నీ ఒకసారి చూసేయండి. మీరే దగ్గరుండి చూడండి. మిగతావాళ్ళకి అప్పజెప్పకండి."

క్యాజువాలిటీ వదిలిపెట్టి రెండో అంతస్తులో ఆయన చొక్కా గుండీలు విప్పుతూ నిలబడింది దేవకుమారి. ఆయన మాటలు ఆపరు. నిన్న సాయంత్రం ధవళేశ్వరం రేవుకి తానే స్వయంగా వెళ్ళాడట. పడవ ఒడ్డుకి రాగానే వలలోంచి తీసిన పులసని తన చేతిలో పెట్టారట. అలాంటి చేపని హైదరాబాదులో ఐసులో పెట్టి అమ్మితే తెచ్చుకుని తినేవాళ్ళకి బుద్ధి లేదట. చెబుతూ చెబుతూ తుమ్మాడు. ఆవిడ మోచేతి మీద పడింది. "అయ్యో" అన్నాడు గానీ రుమాలు తన ముక్కుకే పెట్టుకున్నాడు.

ఈసీజీ బాగుంది. ఎకో బాగుంది. ట్రెడ్‌మిల్లు మీద ఇరవై నిమిషాలు గుర్రంలా నడిచాడు. అన్నీ అయ్యేసరికి పదీ ఇరవై. దేవకుమారి బాత్రూములోకి వెళ్ళి మోచేయి సబ్బుతో మూడుసార్లు తోముకుంది. రోత పోలేదు. తుడుచుకుంటూ కిటికీలోంచి కిందికి చూసింది.

షామియానా కింద ఒక మనిషి కుర్చీ అంచున కూర్చుని ముందుకి వంగిపోయి ఉన్నాడు. తడిసిన లుంగీ, బనీను. కుడిచేతి పిడికిలి గుండెల మీద అదిమిపెట్టి ఉంది. పక్కన ఒకామె చీర కొంగుతో విసురుతోంది. ఆ మనిషికి నాలుగు గజాల దూరంలో పల్లంరాజు ముక్కుకి తువ్వాలు కట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.

ఇరవై రెండేళ్ళు క్యాజువాలిటీలో పనిచేసిన మనిషికి దగ్గరికెళ్ళి చూడాల్సిన పని లేదు. ఆ వంగడం, ఆ పిడికిలి చాలు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీదనుంచి పరుగెత్తింది.

"ఎప్పుడొచ్చారమ్మా?" అని అడిగింది, ఆ మనిషి చెయ్యి పట్టుకుని. చెయ్యి మంచులా ఉంది. నాడి సన్నగా, పరుగుపరుగుగా కొట్టుకుంటోంది.

"తొమ్మిదిన్నర దాటిందండి అప్పటికి" అంది ఆమె. పేరు మరిడమ్మ. ఆయన ఆమె మొగుడు సత్తియ్య, ధవళేశ్వరం రేవులో చేపలు పట్టేవాడు. "వల లాగుతా లాగుతా గుండె పట్టేసిందని పడవలో కూలబడిపోయేడండి. వాళ్ళన్నయ్య ఇలాగే పోయేడండి, గ్యాసని సోడా తాగించి పడుకోబెడితే. అందుకే నేను ఒక్క నిమిషం ఆగలేదండి. ఆ తడిబట్టల్తోనే ఆటోలో ఎక్కించుకొచ్చేసేను."

గుండెపోటు వచ్చినవాళ్ళు ఎప్పుడొస్తారో దేవకుమారికి తెలుసు. సోడాలయ్యాక, వాము నమిలాక, ఊళ్ళో డాక్టరు సూది పొడిచాక, అర్ధరోజు గడిచాక వస్తారు. ముందే తీసుకురావాలి కదమ్మా అని ఎంతమందిని తిట్టిందో లెక్కలేదు. నొప్పి మొదలైన ఇరవై నిమిషాల్లో మనిషిని గుమ్మంలోకి తెచ్చిన ఆడదాన్ని చూడడం ఇదే మొదలు. అలాంటి మనిషిని యాభై నిమిషాలుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఏమడిగారు నిన్ను గేటు దగ్గర?"

"జొరమా, దగ్గా అన్నారండి. లేవన్నాను. ఆయాసముందా అన్నారు, ఉందండి అన్నాను. హైదరాబాదోళ్ళనెవరినైనా కలిశారా అన్నారండి." మరిడమ్మ గొంతు తగ్గించింది. "కలవకేమండి, పులసల కోసం రోజూ కార్లేసుకుని మా రేవుకే వస్తారు, మా ఆయన పట్టిందే కావాలంటారు, నిన్న కూడా ఒక రాజుగారొచ్చి పట్టుకెళ్ళేరు అని చెప్పేనండి. పెద్దోళ్ళతో పరిచయముందంటే తొందరగా లోపలికి పంపుతారనుకున్నానండి."

పల్లంరాజు దూరంనుంచే అట్ట ఎత్తి చూపించాడు. "రెండు టిక్కులండి సిస్టరు గారూ! రెండు టిక్కులవాళ్ళని అసలు ముట్టుకోవద్దన్నారండి రాజుగారు. మీరు కూడా ఇంక లోపలికెళ్ళకూడదేమోనండి."

"నోరుముయ్" అంది దేవకుమారి.

లోపలికి పోయి యాస్పిరిన్ బిళ్ళ తెచ్చి సత్తియ్య చేత నమిలించింది. నాలుక కింద పెట్టే బిళ్ళ పెడదామనుకుని, బీపీ చూసి ఆగిపోయింది. అప్పటికే పడిపోయి ఉంది. ఇక కావలసింది ఈసీజీ. గుండె రక్తనాళంలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఆస్పత్రి ఫ్రిజ్‌లోనే ఉంది. గంటలోపు పడితే గుండె కండ చాలావరకు బతుకుతుంది. ఎంత ఆలస్యమైతే అంత చస్తుంది. దానికి డాక్టరు సంతకం కావాలి.

డాక్టరు యుగంధర్ తన గదిలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"క్లియర్‌గా ఎటాక్ లాగే ఉంది. కానీ హైదరాబాద్ కాంటాక్ట్ అంటున్నారు కదా సిస్టర్. ప్రభుత్వాస్పత్రికి ఫోన్ చేశారట, బండి వచ్చేస్తుంది."

"ఈసీజీ తీయనివ్వండి. మిషను బయటికి పట్టుకెళ్తాను."

"బయటికెళ్ళిన మిషను మళ్ళీ లోపలికి రానివ్వరు. రాజుగారు చెప్పారు కదా, ఒక చెరువు వల ఇంకో చెరువులో..."

"డాక్టరు గారూ, మీరు చదివింది గుండె వైద్యమా, చెరువు కాపలానా?"

అతని మొహం ఎర్రబడింది. కిటికీ వైపు చూశాడు. దేవకుమారి క్యాజువాలిటీలోకెళ్ళి ఈసీజీ మిషను చంకనెత్తుకుని, ఆ కుడితి తొట్టిలో చెప్పుల్తో దిగి, షామియానా కిందికి వెళ్ళింది. సత్తియ్య ఛాతీ మీద నది నీళ్ళూ చెమటా కలిసి జారుతున్నాయి. తుడిచి తీగలు తగిలించింది. కాగితం బయటికి వచ్చింది. కిందికి దిగాల్సిన గీత దిగకుండా పైనే ఉండిపోయింది. నర్సింగులో చేరిన పిల్లకి కూడా తెలిసే గుండెపోటు.

డాక్టరు వరండాలోకి వచ్చి తొట్టికి అవతలే ఆగిపోయాడు. ఆవిడ చెయ్యి చాపి కాగితం ఎత్తి పట్టుకుంది. అతను ముట్టుకోకుండా, మెడ ముందుకి సాచి చదివాడు.

"పెద్దదే" అన్నాడు మెల్లగా. "వెంటనే ఇంజెక్షన్ ఇవ్వాలి."

"రాయండి మరి."

"ఒక్కసారి రాజుగారికి చెప్పి..."

ఆవిడకి అతని చొక్కా పట్టుకుని ఆ తొట్టిలోకి లాగాలనిపించింది. లాగలేదు. మూడో అంతస్తుకి పరుగెత్తింది. రాజుగారి గదిలో వియ్యంకులిద్దరూ కాఫీ తాగుతున్నారు. గది చల్లగా, అగరుబత్తి వాసనతో ఉంది.

"వద్దు సిస్టర్" అన్నారు రాజుగారు, ఆవిడ చెప్పడం పూర్తి కాకుండానే. "నా మాట వినండి. ఐసీయూలో పదకొండుమంది ఉన్నారు. అందరూ గుండె జబ్బువాళ్ళే. ఒక్కడి కోసం తలుపు తీస్తే ఆ పదకొండుమందికీ ఎవరు పూచీ? మీరుంటారా?"

ఆ మాటలో కాస్త న్యాయం ఉంది. అందుకే ఆవిడకి మరీ కంపరమెత్తింది.

"లోపలికి తీసుకురానండీ. ఆ షామియానా కిందే ఇస్తాను. నేనే ఇస్తాను. తర్వాత పదిరోజులు ఇంట్లో కూచోమంటే కూచుంటాను. డాక్టరు గారిని సంతకం పెట్టమనండి, చాలు."

"బయట ఇచ్చి, ఏదైనా అయితే? రేపు పేపర్లో ఏమొస్తుంది? రాజుగారి ఆస్పత్రిలో స్వైన్ ఫ్లూ కేసు అని రాస్తారు. ఇంకెవడైనా గుమ్మం తొక్కుతాడా? బండి వస్తోందన్నారు కదా. ఇంకో పది నిమిషాలు చూడండి."

అప్పుడు శ్రీనివాసరాజు గారు తుమ్మారు. రెండుసార్లు, గట్టిగా. దేవకుమారి ఆయన వైపే చూస్తూ నిలబడింది.

"రేవులో నిన్న మీ చేతికి పులస ఇచ్చినాయన ఉన్నాడే" అంది. "ఆయనేనండీ కింద కూచున్నది."

ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, "అయ్యో, పాపం" అన్నారు. తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకుని, లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

ఛీ అనుకుంది దేవకుమారి. పైకే అనేసిందేమో కూడా ఆవిడకి తర్వాత గుర్తులేదు. కిందికి వచ్చింది. బండి రాలేదు. పది నిమిషాలయింది, ఇరవై అయింది. ఆవిడ డాక్టరు గదికీ షామియానాకీ మధ్య తిరుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ అతను ఫోను వైపు చూశాడు. ఫోను మోగలేదు.

పదకొండుంబావుకి సత్తియ్య దగ్గడం మొదలుపెట్టాడు. చేతకాని గుండె వెనక్కి తన్నిన నీరు ఊపిరితిత్తుల్లో నిండుతోంది. పెదాల మీదికి నురగ వచ్చింది, లేత గులాబీ రంగులో. మరిడమ్మ కొంగుతో తుడిచింది, మళ్ళీ వచ్చింది.

"చూశారా అండీ, దగ్గు కూడా ఉంది!" అని పల్లంరాజు నాలుగడుగులు వెనక్కి గెంతాడు. గెంతి, అట్ట మీద కాగితం సరిచేసుకుని మూడో టిక్కు పెట్టాడు.

దేవకుమారి అతని చేతిలో అట్ట లాక్కుని తొట్టిలో పడేసింది. వరండాలో నిలబడి ఉన్న యుగంధర్ ఆ నురగ చూశాడు. అప్పుడు కదిలాడు. ఎవరికీ ఫోను చేయలేదు, బూట్లు కూడా విప్పలేదు, తొట్టిలోంచే పరుగెత్తుకొచ్చాడు. ఆక్సిజన్ తెమ్మన్నాడు, ఇంజెక్షన్ తెమ్మన్నాడు, చీటీ రాసి సంతకం పెట్టాడు. షామియానా గుంజకి సెలైన్ సీసా వేలాడదీశారు. ఇంజెక్షన్ ఎక్కడం మొదలయ్యేసరికి పదకొండూ ముప్పై అయిదు. గుమ్మంలోకి వచ్చి రెండు గంటలు.

సత్తియ్య పన్నెండూ పదికి పోయాడు. ప్రభుత్వాస్పత్రి బండి పన్నెండున్నరకి వచ్చి, చూసి, ఖాళీగా వెళ్ళిపోయింది.

అటు బండి కదిలిందో లేదో, పల్లంరాజు బ్లీచింగు పొడి బస్తా తెచ్చి శవం చుట్టూ, కుర్చీల చుట్టూ, మరిడమ్మ కూర్చున్నచోటు చుట్టూ తెల్లగా గీత గీశాడు. ఎవరు చెప్పారో, చెప్పకుండానే చేశాడో. ఆమె చీర అంచు మీద పొడి పడింది. ఆమె దులుపుకోలేదు.

రాజుగారు దేవకుమారిని పిలిపించారు. ఈసారి గదిలో ఒక్కరే ఉన్నారు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. అది చూసి ఆవిడకి ఇంకా వెగటు పుట్టింది.

"చాలా బాధగా ఉంది సిస్టర్. దహనం ఖర్చులన్నీ నావే. కేసు షీటు మీద మాత్రం ఫ్లూ అనుమానం అని రాయిద్దాం. టిక్కులు ఉన్నాయి కదా, అబద్ధమేం కాదు." కళ్ళు తుడుచుకున్నారు. "ఆవిడతో మీరు మాట్లాడండి. మీరంటే నమ్మకం ఉన్నట్టుంది. ఎలాగూ బతికేవాడు కాదమ్మా, చెయ్యి దాటిపోయాకే తెచ్చావు అని చెప్పండి. ఆవిడ మనసుకి కూడా కాస్త ఊరటగా ఉంటుంది."

"ఫ్లూ అని రాస్తే రేపటినుంచి ఆ రేవులో ఒక్క చేప కొంటారా ఎవరైనా?"

"రెండు నెలలు పోతే అందరూ మర్చిపోతారండి."

ఆవిడ కిందికి వచ్చేసింది. కేసు షీటు తీసుకుని, తను చూసింది చూసినట్టు రాసింది. వచ్చిన టైము, ఈసీజీ తీసిన టైము, ఇంజెక్షన్ పడిన టైము. యుగంధర్ ముందు పెట్టింది. అతను అది చదివి, కింద గుండెపోటు అని రాసి సంతకం పెట్టాడు. తలెత్తలేదు. ఈ సంతకం చెయ్యి పదిన్నరకి ఎక్కడికి పోయిందని అడగాలనిపించింది గానీ, అడగడానికి కూడా ఆవిడకి రోతగా ఉంది.

షామియానా కింద మరిడమ్మ అలాగే కూర్చుని ఉంది. రేవు నుంచి ఆమె మనుషులు ఇంకా రాలేదు. దేవకుమారి బ్లీచింగు గీత తొక్కుకుని వెళ్ళి పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మగారూ, ఒక్కమాటడగనా అండీ" అంది మరిడమ్మ. "నేను ఆ హైదరాబాదోళ్ళ సంగతి ఎత్తకపోతే మా ఆయన బతికేవాడా అండీ?"

దేవకుమారి నోటిదాకా వచ్చింది మాట. ఎలాగూ బతికేవాడు కాదమ్మా. ఇరవై రెండేళ్ళలో ఎందరితోనో అన్న మాట అది, చాలాసార్లు నిజం, కొన్నిసార్లు జాలి. ఇప్పుడు అంటే ఈ ఆడదాని గుండె మీద బరువు దిగుతుంది. పైన మూడో అంతస్తులో రాజుగారి గుండె మీద బరువు కూడా దిగుతుంది. ఒకే మాట ఇద్దరికీ సరిపోతుంది. జాలితో అన్నా అది ఆయన అప్పజెప్పిన మాటే అవుతుంది. అబద్ధం చెప్పడానికి ఆవిడకి ఎప్పుడూ ఇంత అసహ్యం కలగలేదు. పోనీ నిజం చెబితే, ఈమె బతికినంతకాలం రాత్రీ పగలూ ఆ ఒక్క మాటనే తవ్వుకుంటుంది.

"బతికేవాడమ్మా" అంది చివరికి. వరండాలో ఉన్నవాళ్ళకి, గేటు దగ్గరున్న పల్లంరాజుకి వినపడేలాగే అంది. "నువ్వు తెచ్చినంత తొందరగా ఎవరూ తేరు. ఆయాసమన్నా చాలు, నిన్ను ఇక్కడే కూచోబెట్టేవాళ్ళు. నిన్ను అడిగినదానికి నిజం చెప్పావు. నీ మాట వల్ల పోలేదు ఆయన. మేము లోపలికి రానివ్వకపోబట్టి పోయాడు. నీ మనుషులొచ్చాక వాళ్ళకీ ఇదే చెబుతాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెబుతాను."

పల్లంరాజు తల దించుకున్నాడు. వరండాలో ఎవరో తలుపు వేసుకున్న చప్పుడైంది.

మరిడమ్మ ఏడవలేదు. ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత అడిగింది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"మీరు చూడగానే కనిపెట్టేశారు కదండీ. మీరొక్కరే దగ్గరికొచ్చేరు. మేం తొమ్మిదిన్నర కాణ్ణించి ఇక్కడే కూచున్నామండి. అప్పటిదాకా మీరెక్కడున్నారండీ?"

దేవకుమారికి మోచేతి మీద సబ్బుతో తోముకున్నచోట ఇంకా మండుతోంది.

"పైన ఉన్నానమ్మా" అంది. "ఏ జబ్బూ లేని ఒకాయన గుండె బాగుందో లేదో చూస్తున్నాను."

మరిడమ్మ మొగుడి మొహం మీద వాలిన ఈగని కొంగుతో తోలింది.

"బాగుందా అండీ?" అంది.

"బాగుంది" అంది దేవకుమారి.